డైరెక్టరుకు మన్నింపు ఎక్కడ మొదలైంది?

కంపెనీ ఏ వ్యాపారం చేయాలో మెమొరాండం చెబుతుంది. కంపెనీ లోపలి నడవడి ఎలా ఉండాలో ఆర్టికల్స్ చెబుతాయి. మెమొరాండం గీత దాటిన పనిని వాటాదారులంతా ఏకమై ఆమోదించినా చెల్లదని 1875లో ఆష్‌బరీ రైల్వే కేసులో బ్రిటన్ ప్రభువుల సభ తేల్చేసింది. అలా దాటి ఖర్చుపెట్టిన సొమ్మును డైరెక్టరు తన జేబులోంచి కట్టాల్సిందే. మంచి ఉద్దేశంతో చేశానంటే కుదరదు.

సడలింపు ముందు ట్రస్టీలకు దొరికింది. నిజాయితీగా, సబబుగా నడుచుకున్న ట్రస్టీని కోర్టు మన్నించవచ్చని 1896లో ఇంగ్లండులో చట్టం వచ్చింది. 1907లో అదే వెసులుబాటును డైరెక్టర్లకూ ఇచ్చారు. దాని విలువ 1921లో క్లారిడ్జ్ తారు కంపెనీ కేసులో కనిపించింది. డైరెక్టర్లు మెమొరాండంలో లేని వ్యాపారంలో డబ్బు పెట్టారు, కానీ న్యాయవాది సలహా తీసుకున్నాకే పెట్టారు. జడ్జి వాళ్లను వదిలేశాడు.

అయితే జడ్జి దయకోసం ఎదురుచూడటమెందుకని చాలా కంపెనీలు మన్నింపును ముందే ఆర్టికల్స్‌లో రాసేసుకున్నాయి. వాటిలో ఒకటైన సిటీ ఈక్విటబుల్ అనే బీమా కంపెనీ దివాలా తీసింది, ఛైర్మన్ జెరార్డ్ బెవన్ జైలుకు వెళ్లాడు. మిగతా డైరెక్టర్లలో అజాగ్రత్త ఉందని తేలినా, కావాలని చేసిన తప్పు కాకుంటే బాధ్యత లేదన్న 150వ ఆర్టికల్ వాళ్లను గట్టెక్కించింది. దొంగే తాళంచెవి దాచుకున్నట్టుంది కదా! 1929 చట్టం అలాంటి రాతలన్నీ చెల్లవంది. కోర్టు మన్నింపును మాత్రం ఉంచింది. సరైన పనే చేసిందంటాను.

మన దేశానికి ఆ మన్నింపు 1913 చట్టంలో 281వ సెక్షన్‌గా వచ్చి, 1956లో 633 అయింది. గీత మాత్రం చెరగలేదు. మద్రాసులోని యునైటెడ్ ఇండియా లైఫ్ ఇన్సూరెన్స్ కంపెనీ 1955లో ఒక స్మారక ట్రస్టుకు 2 లక్షల రూపాయలు విరాళమిచ్చింది. వాటాదారులు తీర్మానం కూడా చేశారు. బీమా జాతీయం అయ్యాక ఎల్‌ఐసీ ఆ సొమ్ము వెనక్కి అడిగింది. ఆ డైరెక్టర్లలో కర్నూలులో పుట్టిన ప్రముఖ వైద్యుడు, మద్రాసు విశ్వవిద్యాలయ వైస్‌ఛాన్సలర్ ఎ. లక్ష్మణస్వామి ముదలియార్ ఉన్నారు. విరాళం మెమొరాండానికి బయటిదనీ, డైరెక్టర్లే స్వయంగా బాధ్యులనీ సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. దానధర్మమైనా సరే, మెమొరాండం గీత దాటి కంపెనీ డబ్బుతో కుదరదన్నమాట.

2013 చట్టంలో ఆ మన్నింపు 463వ సెక్షన్‌గా ఉంది. కేసు పడుతుందని భయముంటే డైరెక్టరు ముందే హైకోర్టుకు వెళ్లవచ్చు. నిజాయితీ ఉందా, సబబుగా నడుచుకున్నాడా, ఆ పరిస్థితుల్లో మన్నించడం న్యాయమేనా అని కోర్టు చూస్తుంది.