భువనగిరి గుట్ట, బోస్ గారి 5 మిల్లీమీటర్ల అల

మా భువనగిరి గుట్ట చూసే ఉంటారు. మొత్తం ఒకటే రాయి. చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు దాని మీదే కోట కట్టించాడు. ఎందుకు? పైనుంచి చాలా దూరం కనబడుతుంది. అదే గుట్ట కింద నిలబడితే అవతలి పక్క ఏముందో తెలీదు. మిల్లీమీటర్ వేవ్ కూడా అంతే. ఎదురుగా ఉంటే చేరుతుంది, రాయి అడ్డొస్తే ఆగిపోతుంది.

ఈ కథ 5జీతో మొదలవలేదు. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ జనం ముందు, వైరు లేకుండా, దూరంగా ఉన్న గంట మోగించారు, తుపాకీ మందు అంటించారు. ఆ రోజుల్లో ఆయన ప్రయోగాల్లో అల పొడవు 5 మిల్లీమీటర్ల దాకా తగ్గింది. అంటే 60 గిగాహెర్ట్జ్! అలల్ని పట్టుకోవడానికి గెలీనా అనే సీసపు ఖనిజం వాడారు. దానికి 1904లో అమెరికా పేటెంట్ వచ్చింది. సెమీకండక్టర్ అనే మాట జనానికి తెలియని కాలం అది.

మరి ప్రపంచం దీన్ని ఎందుకు పక్కన పెట్టింది? అప్పుడు కావలసింది దూరం. 1901లో మార్కోనీ అట్లాంటిక్ దాటించింది వందల మీటర్ల పొడవున్న అలల్ని. చిన్న అల గోడ దగ్గర ఆగుతుంది, వానలో నీరసపడుతుంది. 60 గిగాహెర్ట్జ్ దగ్గరైతే గాలిలోని ఆక్సిజన్ కూడా మింగేస్తుంది.

ఇంకో చిక్కు సర్క్యూట్‌ది. అల 5 మిల్లీమీటర్లైతే, రెండు పార్టుల మధ్య ఒక్క మిల్లీమీటర్ వైరు అంటే అలలో ఐదో వంతు! ఆ వైరే సిగ్నల్‌ని పాడు చేస్తుంది. అందుకే ట్రాన్సిస్టర్లు, లైన్లు, కాయిల్స్ అన్నీ ఒకే చిప్ మీద గీయాలి. దాన్నే ఎమ్‌ఎమ్‌ఐసీ అంటారు. ముందు గాలియం ఆర్సెనైడ్ మీద, ఎక్కువగా రాడార్ల కోసం చేశారు. ఖరీదు ఎక్కువ. 2004-05 ప్రాంతంలో బర్కిలీ టీమ్ మామూలు 130 నానోమీటర్ సిలికాన్ మీదే 60 గిగాహెర్ట్జ్ యాంప్లిఫైర్ చేసి చూపించింది. అక్కడ్నుంచి లెక్క మారింది. అల చిన్నది కాబట్టి యాంటెన్నా కూడా చిన్నదే. గోరంత జాగాలో నాలుగైదు పెట్టి, సిగ్నల్‌ని టార్చిలైట్ లాగా కావలసిన వైపు తిప్పొచ్చు. బోస్ నాటి బలహీనతకి మందు అదే.

2022 వేలంలో మన దేశంలో 26 గిగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్ అమ్మారు. 1895లో మన గడ్డ మీద పుట్టిన అల, చివరికి వేలంపాటకొచ్చింది!

ఒక నిజం చెప్తా. బీటెక్‌లో మైక్రోవేవ్ సబ్జెక్ట్ పరీక్ష ముందు రాత్రి చదివి పాసయ్యా, తర్వాత సాఫ్ట్‌వేర్‌కి పోయా. ఇక్కడికి యాభై కిలోమీటర్ల దూరంలో, హైదరాబాద్‌లోనే గేటెక్ అనే గాలియం ఆర్సెనైడ్ ఫౌండ్రీ ఉందని, అక్కడ ఇలాంటి చిప్స్ తయారవుతాయని అప్పుడు నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. కోడ్ రాసేవాళ్లు మన దగ్గర బోలెడు. ఈ చిప్ గీసేవాళ్లు తక్కువ. మీలో ఈసీఈ వాళ్లుంటే ఆ చాప్టర్ వదిలేయకండి. బోస్ గారు మొదలుపెట్టిన పని ఇంకా మిగిలే ఉంది.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి!