ఇంటికొక ఓటా, మనిషికొక ఓటా?

మన సంఘంలో దంపతుల చందా కట్టినా ఓటు ఒక్కటే. ఈ లెక్క పాతదే. బ్రిటిష్ ఇండియాలో 1935 చట్టం కింద చాలామంది ఆడవాళ్లకు భర్త ఆస్తిని బట్టి ఓటు వచ్చింది. రాజ్యాంగం 326వ అధికరణం దాన్ని కొట్టేసి వయోజనులందరికీ ఓటిచ్చింది. ఆ రాజ్యాంగ సభలో మన క్యాసంబళ్ళి చెంగలరాయ రెడ్డిగారూ సభ్యులే.

అయినా 1951-52 ఎన్నికలప్పుడు తమ పేరు చెప్పకుండా 'ఫలానావారి భార్య' అన్న సుమారు 28 లక్షల మంది పేర్లు జాబితాలోంచి పోయాయి. ఎక్కువమంది ఉత్తరాదివాళ్లే. మనం నవ్వుకోనక్కర్లేదు, మన రిజిస్టరులోనూ 'అండ్ మిసెస్' అనే ఉంది! భార్యాభర్తలది ఒకే మాట కదా అంటారు పెద్దలు. అట్లయితే రెండో ఓటుకు భయమెందుకు? సర్వసభ్య సమావేశానికి ముందే అక్కల, వదినల పేర్లు రాయించమని మేము అడుగుతున్నాం.