మోనే గీసింది గడ్డివామి కాదు, కుప్ప!

డిసెంబర్‌లో తెల్లారగట్ల గుడివాడ నుంచి అవనిగడ్డ బస్సులో వెళ్తుంటే, మంచులో వరికుప్పలు కనిపిస్తాయి కదా. నేనూ ఫోన్ తీసి ఫొటో కొట్టాను. తీరా చూస్తే బూడిదరంగు ముద్ద! కంటికి కనిపించింది ఫొటోలోకి ఎందుకు రాలేదు? ఈ ప్రశ్నతో 130 ఏళ్ల కిందట ఒకాయన నెలల తరబడి కుస్తీ పట్టాడు. ఆయనే ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ మోనే.

అంతకుముందు చాలామంది బయట చిన్న స్కెచ్ వేసుకుని, అసలు బొమ్మ గదిలో పూర్తిచేసేవారు. రంగుల్ని పంది మూత్రాశయంతో చేసిన సంచుల్లో దాచేవారు. అవి పగిలిపోయేవి, ఎండిపోయేవి. 1841లో జాన్ రాండ్ అనే అమెరికన్ రేకు ట్యూబుకు పేటెంట్ తీసుకున్నాడు. దాంతో రంగులు సంచిలో వేసుకుని పొలం గట్టుకు పోవడం తేలికైంది.

1890లో మోనే జివెర్నీ ఊళ్లో, ఇంటి పక్క పొలంలోని కుప్పల ముందు కూర్చున్నాడు. ఇంగ్లిషులో వాటిని గడ్డివాములు అంటారు గానీ, నిజానికి అవి నూర్చని గోధుమ కుప్పలు. వామికీ కుప్పకీ తేడా మన దివిసీమ రైతుకు చెప్పక్కర్లేదు! వెలుగు మారగానే ఆయన కాన్వాసు మార్చేవాడు. మళ్లీ అదే వెలుగు వచ్చినప్పుడు పాత కాన్వాసు తీసేవాడు. నీడకు నలుపు బదులు నీలం, ఊదా వేశాడు. అలా పాతిక బొమ్మల దాకా వచ్చాయి. 1891 మేలో పారిస్‌లో వాటిలో 15 ప్రదర్శించారు. కుప్ప అదే, కానీ ఒక బొమ్మలో చలి, ఇంకోదాంట్లో మండే సాయంత్రం.

ఇప్పుడు మన బందరుకు వద్దాం. 1910లో కోపల్లె హనుమంతరావు గారు, మిత్రులు కలిసి ఇక్కడ ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. 1920లలో ప్రమోద్ కుమార్ చటర్జీ గారు బెంగాల్ నుంచి వచ్చి అక్కడ చిత్రలేఖనం నేర్పారు. అడివి బాపిరాజు గారు ఆయన శిష్యుడే. బెంగాల్ చిత్రకారుల వాష్ పద్ధతి భలే ఉంటుంది. నీటిరంగు వేసి, ఆరాక కాగితాన్ని నీళ్లలో ముంచుతారు. పైరంగు పోయి లోపల ఇంకిన మరక మిగులుతుంది. మళ్లీ రంగు, మళ్లీ నీళ్లు. మోనే రంగు మీద రంగు పేర్చాడు, వీళ్లు వేసిన రంగు కడిగేశారు. రెండు దారుల్లోనూ చివరికి గాల్లోని తడి, మసక బొమ్మలోకి వచ్చాయి.

కాకపోతే బెంగాల్ పద్ధతిలో ఎక్కువగా పురాణ, చరిత్ర కథలే వేశారు. పొలంలో కుప్పకు అంత చోటు దక్కలేదు. ఇప్పుడేమో మిషన్ కోతలు పెరిగి, చాలా పొలాల్లో కుప్పే వేయడం లేదు.

అందుకే ఈ సీజన్లో ఒక పని చేయండి. ఒకే కుప్పను, ఒకే చోట నిలబడి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చూడండి. ఫిల్టర్ వద్దు. నీడలో ఏ రంగు కనిపించిందో రాసుకోండి. కుదిరితే బొమ్మ వేయండి. వచ్చే ఏడాది ఆ కుప్ప అక్కడ ఉండకపోవచ్చు. ఉంటాను మరి!