భీమవరం బిడ్డ, భాస్వరపు బంధం

రెండు చేల మధ్య గట్టు ఇద్దరు రైతులదీ. సమయోజనీయ బంధమూ అలాంటిదే. రెండు పరమాణువులు చెరో ఎలక్ట్రాన్ పెట్టి, ఆ జంటను ఇద్దరి లెక్కలోనూ రాసుకుంటాయి. 19వ శతాబ్దపు రసాయనవేత్తలు పరమాణువుల మధ్య గీతలు గీశారు గానీ, ఆ గీత ఏమిటో వాళ్లకు తెలియదు. అది ఎలక్ట్రాన్ల జంట అని 1916లో గిల్బర్ట్ లూయిస్ చెప్పాడు. ఆ జంట పరమాణువులను ఎలా పట్టి ఉంచుతుందో 1927లో హైట్లర్, లండన్ హైడ్రోజన్ అణువు మీద లెక్కకట్టి చూపారు.

అదే 1927లో అమెరికాలోని బోస్టన్‌లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒక బంధాన్ని పరీక్షనాళికలో పట్టుకున్నాడు. నా దృష్టిలో ఇది కాగితం మీది లెక్కకు ఏమాత్రం తీసిపోదు.

ఫాస్ఫేటుకు మాలిబ్డేటు కలిపి, నీలిరంగు చిక్కదనాన్ని బట్టి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఆయన, సైరస్ ఫిస్క్ 1925లో ప్రకటించారు. కండరం నుంచి తీసిన ద్రవంతో చేస్తే మాత్రం రంగు ఉండాల్సిన దానికంటే నెమ్మదిగా వచ్చేది. దాన్ని పొరపాటని వదిలేయకుండా ఎందుకని అడగడంలోనే ఆయన గొప్పతనం ఉంది. ఫాస్ఫేటు విడిగా లేదు. క్రియాటిన్‌లోని నైట్రోజన్‌తో బంధం వేసుకుని ఉంది. ఆ బంధం ఆమ్లంలో మెల్లగా తెగుతున్నకొద్దీ రంగు తేలుతోంది. అలా ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. లండన్‌లో ఎగుల్టన్ దంపతులూ అదే ఏడు ఈ పదార్థం జాడ పట్టారు.

1929లో మూడు ఫాస్ఫేట్లు వరసగా గుచ్చిన ఏటీపీని ఫిస్క్, సుబ్బారావు వేరుచేశారు. జర్మనీలో లోమన్ కూడా విడిగా అదే చేశాడు. ఏటీపీ బంధం తెగితే శక్తి వస్తుందని మన పిల్లలు బట్టీపడతారు. అది సరికాదు. ఏ బంధం తెంపాలన్నా శక్తి ఖర్చవుతుంది. నీటితో చర్య జరిగాక ఏర్పడే పదార్థాలు మరింత స్థిరమైనవి కాబట్టే శక్తి మిగులుతుంది.

తర్వాత సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లాడు. అన్నదమ్ముల్ని స్ప్రూ జబ్బుకు పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ఆయన నాయకత్వంలోని బృందమే కృత్రిమంగా తయారుచేసింది. అందులో ఒకచోట ఆక్సిజన్ కొసను తీసి నైట్రోజన్ కొసను తగిలిస్తే అమైనోప్టెరిన్ అయింది. 1948లో సిడ్నీ ఫార్బర్ దానితో లుకేమియా పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగించాడు. దానికే ఇంకో మిథైల్ చేరిస్తే మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి ఇప్పటికీ వాడుతున్న మందు.

1948 ఆగస్టులో న్యూయార్క్‌లో చనిపోయే వరకు సుబ్బారావు మళ్లీ స్వదేశానికి రాలేదు. కానీ ఆయన బృందం నుంచే వచ్చిన హెట్రజాన్, అంటే డీఈసీ, మన ఇళ్లకు వచ్చింది. బోదకాలు బాధించిన గోదావరి జిల్లాల్లో ఆరోగ్య కార్యకర్తలు గుమ్మం ముందు నిలబడి మింగించిన మాత్ర అదే.