డోసు కాగితం

మంటకి దగ్గిరగా జరుగు బుల్లోడా. మీ అమ్మ ఏడుపు ఆపినాదా? నాను మొదటిసారి బండెక్కినప్పుడు మా అమ్మా ఇలగే ఏడిసినాది. మన ఉద్దానంలో ఏ గడప తొక్కినా ఒక రిగ్గరో, వెల్డరో, ఫిట్టరో ఉంటాడు. 2018లో తిత్లీ తుపానుకి కొబ్బరీ జీడీ పడిపోనాక మిగిలిన కుర్రోళ్లూ సంచులు సర్దీసినారు. నువ్వు ఎల్లడం తప్పని నాననను. ఎలాటి సోటికి ఎల్తున్నావో తెలుసుకుని ఎల్లు.

రావత్‌భాటా అన్నావు కదా. కోటాలో దిగి బస్సెక్కాల. చంబల్ నది ఒడ్డున అణు కరెంటు ప్లాంటు. నాను 1995లో అక్కడికెల్లినాను. రెండో యూనిట్‌ని అంతకు ముందేడే ఆపీసినారు. రియాక్టర్ కడుపులో అడ్డంగా 306 గొట్టాలుంటాయి. యురేనియం కట్టలుండేది వాటిల్లోనే. అవన్నీ పీకి కొత్తవి ఎక్కించాల. మన దేశంలో అలాటి పని అదే మొదలు. కొత్త గొట్టాలు హైదరాబాదు ఎన్.ఎఫ్.సి. ఫేక్టరీలో సేసినవి. ఒక్క తెలుగు ముక్క ఇనిపించని సోట, ఇది హైదరాబాదు సరుకని ఎవరో సెప్తే, మనింటికి సుట్టాలొచ్చినట్టే అనిపించినాది. ఆ యూనిట్ మళ్లీ నడిసినాది 1998లోనే.

అసలు పనికి ముందు మమ్మల్ని ఉత్తుత్తి రియాక్టర్ ముందు నిలబెట్టినారు. మాకప్ అంటారు. అదే కొలత, అదే ఇరుకు, రేడియేషన్ డోసు మాత్రం నేదు. సేసిందే సేయించినారు. నాకు ఇసుగొచ్చినాది. విశాఖ స్టీల్ ప్లాంటులో సేసి వొచ్చినోణ్ణి, చైన్ బ్లాకు తగిలించడం నాకు కొత్తా అనుకున్నాను. నోపలికెల్లినాకే తెలిసినాది. బయట పావుగంట తీరిగ్గా సేసీ పనిని అక్కడ మూడు నిమిషాల్లో ముగించి వొచ్చీయాల. ఏ స్పానర్ ఎవడి సేతిలో ఉండాల, ఎవడు ముందు, ఎవడు ఎనక, ఇవన్నీ బుర్రతో ఆలోసించడం కాదు, సేతులకే తెలిసిపోవాల. మాకప్ దగ్గిర బద్దకించకు. నోపల ఎక్కువున్న ప్రతి నిమిషం నీ ఒంటి మీదే పడతాది.

ఈ మంట సూడు. మరీ దగ్గిరకొస్తే కాళ్లు సుర్రుమంటాయి, నీయంతట నువ్వే ఎనక్కి జరుగుతావు. అక్కడ ఒంటికి ఏటీ తెలీదు. తెలిసీది సొక్కా మీదున్న టీఎల్డీ బ్యాడ్జికీ, జేబులో పెన్నులాటి డోసిమీటర్‌కీ. పెన్ను అప్పటికప్పుడు సెప్తాది. బ్యాడ్జిని తర్వాత మిషన్లో పెట్టి సదువుతారు. సేతికి పని నేనప్పుడు ఎక్కడ నిలబడాలో డోసు లెక్క సూసే హెల్త్ ఫిజిక్స్ ఓళ్లని అడుగు. గోడ సాటున నిలబడినోడికీ, గొట్టాల పక్కన ఊసులాడుకుంటూ నిలబడినోడికీ లెక్కలో శానా తేడా ఉంటాది.

ఇప్పుడు నీకొక సంగతి సెప్పాల. మీ నాన్నకి కూడా సెప్పనేదు.

నాతో పాటు మన పక్కూరోడొకడు తిరిగీవోడు. పేరొద్దు, ఆడి పిల్లలు ఇక్కడే ఉన్నారు. మంచి పనోడు. ఒక షట్‌డౌన్‌లో ఆడి డోసు గీత దగ్గిరకి వొచ్చీసినాది. గీత కాడికొస్తే డోసుండే జోన్లోకి రానివ్వరు. పని నేకపోతే కూలి నేదు. ఇంటికాడేమో సెల్లి పెళ్లి. మమ్మల్ని తీసుకెల్లిన మేస్త్రి ఆడి సెవిలో ఏటో ఊదినాడు. మర్నాటి నుంచి ఆడు బ్యాడ్జీ పెన్నూ తీసి, బట్టలు మార్సుకునే గదిలో పాత సొక్కా మడతలో పెట్టి నోపలికెల్లీవోడు. నాను సూసినాను. నాలుగు రోజులు సూసినాను. నోరిప్పితే ఆడి కూలి నాను పోగొట్టినట్టవుతాదని ఊరుకున్నాను.

పదిహేనేళ్లకి ఆడి కిడ్నీలు పోనాయి. ఉద్దానంలో కిడ్నీలు పోడానికి ప్లాంటుకెల్లక్కర్నేదు. ఊరి పొలిమేర దాటనోళ్లకీ పోతున్నాయి, ఎందుకో డాక్టర్లకే పూర్తిగా అంతు సిక్కనేదు. కానీ ఆడి పెళ్లాం నా దగ్గిరకొచ్చి, "మావా, అక్కడి పనివల్లేనా?" అని అడిగినాది. ఏటి సెప్పగలను? కాగితం మీద ఆడి లెక్క శానా తక్కువే ఉన్నాది. ఆ మేస్త్రి కాక, ఆ లెక్క అబద్ధమని తెలిసినోణ్ణి నానొక్కణ్ణే. ఒంటి మీద నిజంగా ఎంత పడ్డాదో ఆడికీ తెలీదు. నిజం లెక్కంటూ ఉంటే డాక్టరు ముందు పెట్టి, అవుననో కాదనో ఒక మాట సెప్పించీవోణ్ణి. ఆ పిల్ల ఇప్పటికీ ఆ మాట కోసమే నా మొహంలోకి సూస్తాది.

అందుకే బతిమాలుతున్నాను నాయనా. ఏ మేస్త్రి ఏటి సెప్పినా బ్యాడ్జి తియ్యకు. ఏడాదికి 30 మిల్లీసీవర్ట్‌లు, అయిదేళ్లకి కలిపి 100, దాటకూడదని ప్రభుత్వం రూలు. మనలాగ వొచ్చిపోయీవోళ్లకి ఇంకా ముందే ఆపీస్తారు. ఆపితే ఇంటికొచ్చీ, గంజి తాగుదాం. పక్కనోడు తీస్తే నాలాగ నోరు మూసుకుని కూకోకు.

ఇంకోటి, అక్కడ తిరిగీది హెవీ వాటర్. దాన్లో ట్రిటియం పుడతాది. ఆవిరైతే ఊపిరితోనూ, సర్మం నుంచీ ఒంట్లోకి దిగుతాది. గాలి గొట్టమున్న ప్లాస్టిక్ సూటు ఇస్తే ఉక్కగా ఉందని గొణక్కుండా తొడుక్కో. ట్రిటియం ఎంతుందో సూడ్డానికి మూత్రం సీసాలో పట్టి ఇమ్మంటారు, సిగ్గుపడకు, ఎగ్గొట్టకు. ఒంట్లో సేరినదాంట్లో సగం పది రోజుల్లో పోతాది, నీళ్లు బాగా తాగితే ఇంకా బేగి పోతాది. ఆ నీళ్లు కూడా బయట, తాగమన్న సోటే తాగు. నోపల ఖైనీ వొద్దు, బీడీ వొద్దు, గోరు కొరకడం వొద్దు. ఒంటి మీద సిన్న గాటున్నా ముందే సెప్పీ. బయటికొచ్చీటప్పుడు సేతులూ కాళ్లూ మిషన్ మీద పెడితే గంట మోగొచ్చు. నాకూ మోగినాది, కాలికి. అందరూ నాకేసి సూసినారు. సబ్బూ నీళ్లతో రెండుసార్లు కడిగితే పోనాది. మోగినప్పుడు నిలబడిపో, తప్పించుకుని రాకు.

రేపు బండెక్కే ముందు పలాస ఆసుపత్రిలో కిడ్నీలకి క్రియాటినిన్ పరీక్ష సేయించు. ప్లాంటోళ్ల మెడికల్ ఆళ్లది, ఇది మన కోసం. ఆధార్‌లోనూ పోలీసు వెరిఫికేషన్‌లోనూ పేరు ఒకేలా ఉన్నాదో నేదో సూసుకో. ఒక్క అచ్చరం తేడాకి వారం రోజులు గేటు బయట కూకోబెట్టిన రోజులున్నాయి. ఆ వారం కూలి ఎవలూ ఇవ్వరు. కంబళి మర్సిపోకు, అక్కడి సలి ఇలాటిది కాదు. సింతపండు, ఎండు సేపలు నాను కట్టించినాను. పదిమంది ఒకే గదిలో ఉంటారు, వంట వంతులేసుకోండి.

ఆ మంచం కిందున్న రేకుపెట్టి ఇలా తే. ఇవన్నీ నా డోసు కాగితాలు. పని అయినాక గేటు దాటీలోపు అడిగి తీసుకున్నవి. నువ్వూ అడుగు. ఒక ప్లాంటులో పడ్డ డోసు ఇంకో ప్లాంటుకెల్లినా నీదే, మళ్లీ సున్నా నుంచి మొదలవదు. ఇది రావత్‌భాటాది. ఇది కల్పాక్కంది, 2002లో అక్కడ రెండో యూనిట్‌కి ఇలాటి గొట్టాలే మార్సినప్పటిది. అడుగున కైగా ప్లాంటుది ఉండాల.

నా కళ్లు ఆనవు. మంట ఎలుగులోకి పెట్టి ఒక్కొక్కటే సదువు, కూడి సెప్పు.