కణవిభజనలో కండె పోగులు
కణము రెండుగా చీలునపుడు క్రోమోసోములను చెరియొక వైపునకు చేర్చునది కండె. నడుమ లావై, కొనలు సన్నగిలిన ఈ పోగుల కట్టను జర్మను శాస్త్రజ్ఞుడు వాల్టర్ ఫ్లెమింగ్ 1882 నాటి తన గ్రంథములో చిత్రించెను. కాని పోగులు స్పష్టముగా కనబడినది రసాయనములతో చంపి, రంగు వేసిన కణములలోనే. అవి నిజముగా నున్నవా, రసాయనముల వలన ఏర్పడినవా యని పలువురు శంకించిరి.

1953లో షిన్యా ఇనోవే ధ్రువిత కాంతి సూక్ష్మదర్శినితో సజీవ కణములలోనే పోగులను చూపి ఆ శంకను తీర్చెను. అవి సూక్ష్మనాళికల కట్టలని తరువాత తేలినది. ఇక కండె పొడవుగా సాగుట యెట్లు? ఎదురెదురు కొనలనుండి వచ్చిన నాళికలు నడుమ ఒకదానివెంట నొకటి జారునని 1969లో మెకింటాష్, హెప్లర్, వాన్ వీ ప్రతిపాదించిరి. కైనెసిన్-5 వంటి ప్రోటీనులు వానిని నెట్టుననియు, పీఆర్‌సీ1 అను ప్రోటీను వానిని కలిపి పట్టి జారుడును అదుపు చేయుననియు నేడు తెలిసినది. ఈ తోపు, పట్టు సరితూగిననే కండె తగినంతగా సాగును.