బెటియో ఫిరంగులు: నంబరు చెప్పిన నిజం

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను బాంబులు పడిన సంగతి పెద్దల నోట విన్నవాళ్లం మనం. ఆ కారణంగానే నాకు ఆనాటి యుద్ధ చరిత్ర మీద ఆసక్తి. రిటైరయ్యాక చదివిన వాటిలో పసిఫిక్ మహాసముద్రంలోని బెటియో దీవి కథ ఈ ప్రత్యేక సంచిక పాఠకులకు చెప్పదగినదని తోచింది.

తరావా పగడపు దీవుల్లో బెటియో ఒక చిన్న ముక్క. పొడవు సుమారు 3 కిలోమీటర్లు; వెడల్పు ఎక్కడా కిలోమీటరు లేదు. అప్పుడది బ్రిటిషువారి గిల్బర్ట్ దీవుల్లోది. 1979లో స్వతంత్రమైన కిరిబాతి దేశానిది ఇప్పుడు. జపాను దాన్ని ఆక్రమించి విమానాల రన్‌వే వేసింది. దాని రక్షణకు తీరం వెంట ఫిరంగులు నిలిపింది. వాటిలో అతి పెద్దవి నాలుగు, 8 అంగుళాలవి. కొబ్బరి దుంగలు, ఇసుక, కాంక్రీటుతో బంకర్లు కట్టారు. ఆ చాకిరీలో కొరియా నుంచి తెచ్చిన కూలీలు వెయ్యిమందికి పైగా ఉన్నారు.

1943 నవంబరు 20న అమెరికా సేనలు దిగాయి. పెద్ద ఫిరంగులను యుద్ధనౌకలు త్వరలోనే చాలావరకు అణచివేశాయి. కాని నీటిమట్టం తక్కువై పడవలు పగడపు దిబ్బల మీద ఆగిపోయాయి. సైనికులు వందల గజాలు నీళ్లలో నడుస్తూ మెషిన్‌గన్లకు బలయ్యారు. మూడు రోజుల్లో అమెరికా పక్షాన సుమారు వెయ్యిమంది పోయారు. దీవిలోని సుమారు 4,700 మందిలో ప్రాణాలతో పట్టుబడ్డవారు 146 మంది. వారిలో 129 మంది కొరియా కూలీలే.

ఆ పెద్ద ఫిరంగులు ఇంగ్లండులోని వికర్స్ కంపెనీవి. ఇంకేం, 1942లో సింగపూరు పడిపోయినప్పుడు జపాను ఎత్తుకొచ్చినవేనని ప్రచారం పుట్టింది. ఏళ్ల తరబడి పుస్తకాల్లోనూ అదే రాశారు. సింగపూరు తీరంలోని భారీ ఫిరంగులు 15 అంగుళాలవి, 9.2 అంగుళాలవి అన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. 1970లలో విలియం బార్ష్ అనే పరిశోధకుడు ఫిరంగుల మీది నంబర్లు రాసుకుని కంపెనీని అడిగాడు. 1905లో, రష్యా–జపాను యుద్ధకాలంలో, జపానుకు తామే అమ్మామని జవాబొచ్చింది!

సర్వీసంతా రిజిస్టర్ల మధ్య గడిపిన మనకు ఇందులో వింతేమీ లేదు. పదిమంది చెప్పిన మాటకన్నా ఒక్క ఎంట్రీ గట్టిది. అయితే నాకు మిగిలిన బాధ ఒకటుంది. ఫిరంగి నంబరు పట్టుకుని దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోగలిగారు. వాటి చుట్టూ దుంగలు మోసి అక్కడే కన్నుమూసిన కూలీలు మాత్రం నేను చదివిన పుస్తకాల్లో ఒక అంకెగానే కనిపించారు.